గేదె వద్దు, చెంచాడు తోడు చాలు: బెంగళూరు తెలుగు సంఘాల వెబ్ కమిటీలకు బహిరంగ లేఖ

బెంగళూరులోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు, వాటి వెబ్‌సైట్లు చూసిపెట్టే వాలంటీర్లకు,

నమస్కారం.

ఉగాది దగ్గరపడేసరికి పోయినేడాది సైటు చేసిన అబ్బాయి ఉద్యోగం మారి ఊరు వదిలి ఉంటాడు. సైటు కోడు గిట్‌హబ్ (కోడు దాచుకుని పంచుకునే వెబ్‌సైటు)లో అతని సొంత ఖాతాలో ఉంటుంది, డొమైన్ ఇంకెవరి మెయిల్ మీదో ఉంటుంది. వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్ళిలోనో మరో ఇంజనీరును పట్టుకుంటారు. పాపం ఆ అమ్మాయి రెండు వారాంతాలు పోగొట్టుకుని మొదటి ఇటుక నుంచి మళ్ళీ కడుతుంది. దసరాకు అదే తంతు. సంఘాలు వేరైనా సైట్లలో ఉండేవి మాత్రం అవే: కార్యక్రమాల పట్టిక, సభ్యత్వ ఫారం, పిల్లల పోటీల నమోదు, ఫొటోలు, విరాళం బటన్.

అందుకే అడుగుతున్నాం. సంఘాలన్నీ కలిసి ఒక స్టార్టర్ టెంప్లేట్, అంటే కాపీ చేసుకుని సైటు మొదలుపెట్టే నమూనా కోడు, పెట్టుకోండి. అది ఓపెన్ సోర్స్‌గా, అంటే ఎవరైనా చూసి, మార్చుకుని వాడుకునేలా ఉండాలి, ఎవరి సొంత ఖాతాలోనూ ఉండకూడదు, ఏ సంఘం కొత్త సైటైనా దాని నుంచే మొదలవ్వాలి. పాలు తోడు పెట్టడానికి పక్కింటి నుంచి చెంచాడు పెరుగు తెచ్చుకుంటాం గానీ గేదెను తోలుకురాం కదా. టెంప్లేట్ ఆ చెంచాడు పెరుగంత ఉండాలి. ఏం వేయాలో, ఏం వేయకూడదో, ఎక్కడ విరుగుతుందో కింద రాస్తున్నాం.

"పోయినేడాది రెపో కాపీ చేసుకుంటే సరిపోదా" అని మీలో కొందరు అడుగుతారని తెలుసు. సరిపోదు. రెపో అంటే గిట్ అనే సాధనం ఫైళ్ళను మార్పుల చరిత్రతో సహా దాచే చోటు. దాన్ని ఫోర్క్ చేస్తే, అంటే ఉన్నదున్నట్టు కాపీ చేసుకుంటే, పాత కమిట్ల (దాచిన మార్పుల) చరిత్ర మొత్తం వెంట వస్తుంది. అందులో ఎప్పుడో పొరపాటున ఎక్కించిన సభ్యుల ఎక్సెల్ షీటు, పేమెంట్ గేట్‌వే తాళం (రహస్య కీ), పాత అధ్యక్షుల ఫోన్ నంబర్లు ఏవైనా ఉండొచ్చు. గిట్‌హబ్ 2019 నుంచి టెంప్లేట్ రెపో సౌకర్యం ఇస్తోంది. రెపో సెట్టింగుల్లో ఒక టిక్కు పెడితే చాలు, దాని నుంచి పుట్టే కొత్త రెపో ఫైళ్ళు మాత్రమే తీసుకుని ఒకే ఒక్క కమిట్‌తో మొదలవుతుంది. అయితే బ్రాంచ్ (కోడు ప్రతి) రక్షణ నియమాలు, సీక్రెట్లు (రహస్య తాళాలు), ఇష్యూలు (తప్పులు, సూచనల చిట్టా) కొత్త రెపోకు రావు. వచ్చాయనుకుని వదిలేస్తే మొదటి వారంలోనే ఎవరో నేరుగా మెయిన్ బ్రాంచ్‌కు, అంటే అసలు ప్రతికి, పుష్ చేస్తారు (తమ మార్పులు ఎక్కిస్తారు). కాబట్టి "రెపో పుట్టిన రోజే చేయాల్సినవి" అని రీడ్‌మీ (రెపో తెరవగానే కనిపించే సూచనల ఫైలు) పైనే ఐదారు వాక్యాలు ఉండాలి: మెయిన్‌కు నేరుగా పుష్ ఆపడం, ఒకరి సమీక్ష తప్పనిసరి చేయడం, ఓనర్లుగా కనీసం ఇద్దరిని పెట్టడం, ఆ ఇద్దరికీ రెండంచెల లాగిన్, డొమైన్ సంఘం మెయిల్ మీదకు మార్చడం. ఓనర్లు ఇద్దరూ ఒకే కంపెనీలో ఒకే టీమ్ వాళ్ళు కాకుండా చూసుకోండి. ఆన్‌సైట్ అంటే ఇద్దరూ ఒకే విమానం ఎక్కుతారు.

ఇక లైసెన్స్. అందరూ దాటేసేది ఇదే గనుక కాస్త నిలబడి చెబుతాం. రెపో పబ్లిక్‌గా పెట్టినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ అయిపోదు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగానే లెక్కిస్తుంది. లైసెన్స్ ఫైలు లేదంటే హక్కులన్నీ రాసినవారివే, పక్క సంఘం దాన్ని వాడుకోవడానికి అనుమతి లేనట్టే. టెంప్లేట్‌కు మేము ఎమ్‌ఐటీ లైసెన్స్ (లైసెన్స్ పాఠం ఉంచితే చాలు, ఎలాగైనా వాడుకోనిచ్చేది) సూచిస్తాం. జీపీఎల్ మీద మాకు గౌరవం లేక కాదు. టెంప్లేట్‌ను జీపీఎల్‌లో పెడితే దాని నుంచి పుట్టి బయటికి పంచే ప్రతి సైటు కోడూ జీపీఎల్‌కు కట్టుబడాలి. ఆ నిర్ణయం ఆయా సంఘాలది, టెంప్లేట్ ముందే తీసేసుకోకూడదు. పేటెంట్ల సంగతి కూడా రాసి ఉండాలనుకుంటే అపాచీ 2.0 వాడండి. సైటును సర్వర్‌లో నడిపేవాళ్ళు సైతం తమ మార్పులు బయటపెట్టాలని పట్టుదల ఉన్న సంఘం తన సైటుకు ఏజీపీఎల్ పెట్టుకోవచ్చు.

కోడు లైసెన్స్ వ్యాసాలకు, బొమ్మలకు అతకదు. ఉగాది ప్రత్యేక సంచిక వ్యాసాలకు క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్‌ఏ 4.0 (రచయిత పేరు చెప్పి, అదే లైసెన్స్ కింద పంచుకోనిచ్చేది) బాగుంటుంది. కార్యక్రమం ఫొటోల్లో మనుషుల ముఖాలుంటాయి కాబట్టి వాటిని ఏ స్వేచ్ఛా లైసెన్స్ కిందా పెట్టకండి, అసలు రెపోలోనే ఉంచకండి. ఫాంట్ల లెక్క వేరు. నోటో సాన్స్ తెలుగు, సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ వంటివి ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. ఫాంటు ఫైలు పక్కనే దాని లైసెన్స్ పాఠం కూడా పెడితే నిశ్చింతగా పంచుకోవచ్చు. ప్రెస్సు వాళ్ళ దగ్గర నుంచి తెచ్చిన డీటీపీ ఫాంట్లు మాత్రం వద్దు. వాటిని పంచే హక్కు మీకు ఉండదు. అవి యూనికోడ్ (అన్ని లిపుల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి సంఖ్యల పద్ధతి) కూడా కావు, ఆ పాఠాన్ని అతికిస్తే సైట్లో పిచ్చిగీతలు కనిపిస్తాయి.

ఇంకో మెలిక ఉంది. కోడు రాసేవాళ్ళలో ఎక్కువమంది కంపెనీ ఉద్యోగులే. ఉద్యోగంలో భాగంగా రాసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే అని అదే చట్టంలో 17వ సెక్షన్ చెబుతుంది. చాలా నియామక పత్రాలు దాన్ని ఇంకా విస్తరించి రాసుకుంటాయి. ఆఫీసు లాప్‌టాప్ మీద, ఆఫీసు మెయిల్‌తో కమిట్ చేస్తే రేపు పేచీకి తావిచ్చినట్టే. సొంత మెషీన్, సొంత మెయిల్ వాడమని కాంట్రిబ్యూటింగ్ ఫైల్లో (కోడు ఇచ్చేవాళ్ళకు సూచనలుండే ఫైలు) రాయండి. ప్రతి కమిట్‌కూ "సైన్డ్ ఆఫ్ బై" వరుస అడగండి. గిట్ కమిట్‌కు మైనస్ చిన్న ఎస్ (-s) జోడిస్తే అదే పడుతుంది. లైనక్స్ కెర్నల్‌లో 2004 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. "ఇది ఇచ్చే హక్కు నాకుంది" అని రాసినవారి మాట దాంతో లిఖితంగా ఉంటుంది.

టెంప్లేట్ బాగుందో లేదో చెప్పే కొలత ఒకటి పెట్టుకోండి. దాన్ని ఎప్పుడూ చూడని మనిషి, అరువు లాప్‌టాప్ మీద, ఎవరికీ ఫోన్ చేయకుండా, అరగంటలో సైటును తన బ్రౌజర్‌లో తెరవగలగాలి. ఓపెన్ సోర్స్ అభిమానుల సంస్థ ఫాస్ యునైటెడ్ వాళ్ళ బెంగళూరు సమావేశాల వంటి చోట్ల ఇలాంటి కొత్త మనిషి సులువుగా దొరుకుతారు. పక్కన కూర్చుని నోరు విప్పకుండా చూడండి. ఎక్కడ ఆగారో రాసుకుని, జవాబును వారికి చెప్పడానికి బదులు రీడ్‌మీలో చేర్చండి.

సాధారణంగా ఆగేది నోడ్ (జావాస్క్రిప్ట్ కోడును బ్రౌజర్ బయట నడిపే సాధనం) వెర్షన్ దగ్గర. ఇప్పటిదాకా వచ్చినవాటిలో సరి సంఖ్య వెర్షన్లకే దీర్ఘకాల మద్దతు. నోడ్ 22కి 2027 ఏప్రిల్ వరకు, 24కి 2028 ఏప్రిల్ వరకు. 24 అని నోడ్ వెర్షన్ చెప్పే ఎన్‌వీఎమ్‌ఆర్‌సీ ఫైల్లో రాయండి, సైటుకు కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే ప్యాకేజ్ జేసన్‌లోని ఇంజిన్స్ గదిలోనూ రాయండి. ఇంజిన్స్‌లో రాస్తే ఆ ప్యాకేజీలను దించే సాధనం ఎన్‌పీఎమ్ మామూలుగా హెచ్చరించి ఊరుకుంటుంది. ఆపి తీరాలంటే దాని అమరికల ఫైలు ఎన్‌పీఎమ్‌ఆర్‌సీలో ఇంజిన్ స్ట్రిక్ట్ ట్రూ చేయాలి. ఏ ప్యాకేజీ ఏ వెర్షనో కచ్చితంగా రాసి ఉండే లాక్ ఫైలును తప్పకుండా కమిట్ చేయండి. ఒకరు ఎన్‌పీఎమ్, ఒకరు అదే పని చేసే యార్న్ వాడి రెండు లాక్ ఫైళ్ళు పడేస్తే ఎవరి మెషీన్‌లో ఏ వెర్షన్ దిగిందో చెప్పడం ఎవరి తరమూ కాదు, ఒకటి తీసేయండి. సర్వర్ మీదా, రీడ్‌మీలోనూ "ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్" బదులు "ఎన్‌పీఎమ్ సీఐ" అని రాయండి. అది ప్యాకేజీలు ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ తుడిచేసి లాక్ ఫైల్లో ఉన్నది ఉన్నట్టే దించుతుంది. ప్యాకేజ్ జేసన్‌కూ లాక్ ఫైలుకూ పొంతన లేకపోతే ఆగి చెబుతుంది.

"నా మెషీన్‌లో బాగానే ఉంది" అనే మాట వెనుక సగంసార్లు ఉండేది పెద్దబడి అక్షరాల గొడవ. విండోస్‌కూ మ్యాక్‌కూ హెడర్ అనే ఫైలు పేరు పెద్ద అక్షరంతో ఉన్నా చిన్న అక్షరంతో ఉన్నా ఒకటే. బిల్డ్ (కోడును సైటుగా తయారుచేసే పని) నడిచే లైనక్స్ సర్వర్‌కు అవి రెండు ఫైళ్ళు, "దొరకలేదు" అని ఆగిపోతుంది. టెంప్లేట్‌లో ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాలు, మధ్యలో హైఫన్ అని నియమం పెడితే పీడా వదులుతుంది. ఇప్పటికే తప్పుగా ఉన్న పేరును ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో మారిస్తే గిట్‌కు తెలియకపోవచ్చు, గిట్ ఎమ్‌వీ ఆదేశంతో మార్చాలి. విండోస్ వాళ్ళు ముట్టుకున్న ఫైలు ప్రతి వరుసా మారినట్టు డిఫ్‌లో (మార్పుల పట్టికలో) కనిపిస్తే అది వరుస ముగింపు గుర్తుల తేడా. గిట్ అట్రిబ్యూట్స్ ఫైల్లో అన్నిటికీ ఆటో, ముగింపు ఎల్‌ఎఫ్ అని ఒక వరుస రాస్తే ఆగిపోతుంది. కోడు రూపం సరిచేసే ప్రెట్టియర్, తప్పులు పట్టే ఈఎస్‌లింట్ రెండూ ఉంచండి, నియమాలు మాత్రం వాటితో వచ్చినవే. సెమీకోలన్ మీద వాదులాడుకోవడానికి ఎవరూ ఆదివారం లేచి రారు.

తాళాల సంగతి. తాళాలు రాసుకునే డాట్ ఎన్వ్ ఫైలు గిట్ ఇగ్నోర్‌లో (గిట్ ముట్టుకోకూడని ఫైళ్ళ జాబితాలో) ఉండాలి, దాని నమూనా మాత్రం రెపోలో ఉండాలి. నమూనాలో వేరియబుల్ పేర్లు, ఏది ఎక్కడ దొరుకుతుందో ఒక్కో వరుస వ్యాఖ్య ఉంటాయి, విలువలు ఉండవు. ఒకసారి కమిట్ అయిన ఫైలును తర్వాత గిట్ ఇగ్నోర్‌లో చేర్చినా గిట్ దాన్ని వదలదు, గిట్ ఆర్ఎమ్ క్యాష్డ్ ఆదేశంతో తీయాలి. తీసినా పాత కమిట్‌లో ఉంటుంది. తాళం బయట పడిందని తెలియగానే కొందరు చరిత్ర తుడిచే పనిలో పడతారు. అది రెండో పని. మొదట గేట్‌వే డాష్‌బోర్డులో ఆ తాళం రద్దు చేసి కొత్తది తీసుకోవాలి. రద్దయిన తాళం చరిత్రలో ఉన్నా ఎవరికీ పనికిరాదు, బతికున్న తాళం తుడిచినా ఎవరో ఒకరి క్లోన్‌లో (దించుకున్న కాపీలో) ఉంటుంది. గిట్‌హబ్ పుష్ ప్రొటెక్షన్ తనకు తెలిసిన నమూనా తాళాలను ఆపుతుంది గానీ "సంఘం123" లాంటి డేటాబేస్ పాస్‌వర్డును గుర్తుపట్టలేదు. ఇంకో తప్పు, వీట్ (Vite) అనే బిల్డ్ సాధనం వాడేవాళ్ళు చేసేది: "వీట్" అండర్‌స్కోర్‌తో మొదలయ్యే వేరియబుల్ దేన్నైనా కోడులో వాడితే దాని విలువ బిల్డ్ అయిన జావాస్క్రిప్ట్‌లోకి నేరుగా చేరిపోతుంది. పేమెంట్ సీక్రెట్‌కు ఆ పేరు పెడితే సైటు చూసే ప్రతివారి చేతికీ ఇచ్చినట్టే.

ఇక మనకంటూ వేరుగా టెంప్లేట్ ఎందుకో చెప్పే భాగం. ఇంగ్లిష్ సైట్ల కోసం తయారైన టెంప్లేట్లు వేలున్నాయి. తెలుగు పెట్టగానే అవి ఎక్కడ తడబడతాయో మన టెంప్లేట్‌లో ముందే సరిచేసి ఉండాలి.

మొదటిది, పేజీ భాష. హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులో భాష తెలుగు అని రాయకుండా, తెచ్చిన టెంప్లేట్‌లో ఉన్న ఇంగ్లిష్ గుర్తునే వదిలేస్తే స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతో తెలుగు చదవబోతుంది. ఖర్చు రెండు అక్షరాలే.

రెండోది, వరుస ఎత్తు. ఇంగ్లిష్‌కు 1.2 సరిపోతుంది. "రాష్ట్ర", "స్త్రీ" అని శీర్షికలో రాసి, పొంగినది దాచు అని పేజీ రూపం చెప్పే సీఎస్‌ఎస్‌లో పెట్టారా, వత్తులు సగానికి తెగుతాయి. పేరాలకు 1.7, శీర్షికలకు 1.5 నుంచి మొదలుపెట్టండి. బటన్లకు ఎత్తు పిక్సెళ్ళలో బిగించకుండా ప్యాడింగ్‌తో ఇవ్వండి. ఫాంటు బరువు తగ్గించాలని అక్షరాలు కత్తిరించే సాధనం వాడేటప్పుడు జాగ్రత్త. వత్తులు ఎలా అతకాలో చెప్పే జీసబ్ పట్టికను అది కోసేస్తే "స్త్రీ" కాస్తా పొల్లులతో విడివిడిగా నిలబడుతుంది. నోటో దిగకపోయినా పేజీ చెడకుండా వెనుక నిర్మలా యూఐ, కోహినూర్ తెలుగు పేర్లు రాయండి. మొదటిది విండోస్‌తో, రెండోది యాపిల్ మెషీన్లతో వస్తుంది.

మూడోది వెతుకులాట. తెలుగు "ై" గుర్తును యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు: ఒకే కోడ్‌గా, లేదా "ె" పక్కన ఐత్వపు తోకగా. కంటికి రెండూ ఒకటే, జావాస్క్రిప్ట్‌కు రెండూ వేరు. ఫారం నుంచి వచ్చిన ప్రతి పాఠాన్నీ దాచేముందు ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చాలి, ఒక ఫంక్షన్ పిలుపు చాలు. దీనికి తోడు, పక్క అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ గుర్తు. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ఒకరు దాన్ని వేస్తారు, ఇంకొకరు వేయరు, వెతికితే ఒకటి దొరుకుతుంది రెండోది దొరకదు. వెతికే సూచికలోంచి దాన్ని తీసేయండి, తెరమీద చూపించే పాఠంలోంచి తీయకండి. తీస్తే "ఫ్ట్" కింద వ వత్తు చేరి మాట రూపమే మారుతుంది.

పేజీ చిరునామాల దగ్గర ఇంకా చిత్రంగా ఉంటుంది. శీర్షిక నుంచి చిరునామా తయారుచేసే ఫంక్షన్లు చాలావరకు ఇంగ్లిష్ అక్షరాలు కానివన్నీ ఊడ్చేస్తాయి. తెలుగు శీర్షికకు ఖాళీ చిరునామా వస్తుంది, రెండో వ్యాసం మొదటిదాని మీద పడుతుంది. తెలివైనవారు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో (ఏ అక్షరాలు ఉంచాలో చెప్పే నమూనాలో) "ఏ భాష అక్షరమైనా సరే" అని యూనికోడ్ ఎల్ వర్గం పెడతారు. గుణింతాలు, పొల్లు, సున్న ఆ వర్గంలో లేవు, అవి ఎమ్ వర్గం. ఎల్ ఒక్కటే ఉంచితే "తెలుగు" కాస్తా "తలగ" అవుతుంది. రెండు వర్గాలూ రాయాలి. రాసినా, తెలుగు చిరునామాను వాట్సాప్‌లో పంపితే ఒక్కో కోడ్ తొమ్మిది గుర్తులుగా విచ్చుకునే ప్రమాదం ఉంది. "తెలుగు" అన్న ఒక్క మాటకే 54. కాబట్టి శీర్షిక తెలుగులో, చిరునామా మాత్రం రాసేవారే ఇచ్చే పొట్టి ఇంగ్లిష్ అక్షరాల్లో అనేది మా అభిప్రాయం. భాషాభిమానులకు నచ్చకపోవచ్చు. ఆహ్వానం చివర ఆరు వరుసల శాతం గుర్తులు వారికీ నచ్చవు.

అక్షరాల లెక్క కూడా అంతే. "స్త్రీ" పొడవు అడిగితే జావాస్క్రిప్ట్ 6 అంటుంది. "పేరు 20 అక్షరాలు మించకూడదు" అని పెట్టిన ఫారం మన పేర్లను మధ్యలో నరుకుతుంది. నిజంగా లెక్కించాల్సి వస్తే జావాస్క్రిప్ట్‌లోనే ఇంటిల్ సెగ్మెంటర్ ఉంది, కానీ పాత బ్రౌజర్లు వత్తుల దగ్గర కోస్తాయి, కొత్తవి కోయవు. పరిమితినే ఉదారంగా పెట్టడం మేలు. సభ్యుల జాబితాను అక్షరక్రమంలో పెట్టడానికి మామూలు సార్ట్ వాడకండి, అది కోడ్ సంఖ్యలను పోలుస్తుంది. తెలుగుకు ఇంటిల్ కొలేటర్ వాడండి. ఫారంలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు పెట్టి రెండోది తప్పనిసరి చేస్తే మనవాళ్ళు అందులో ఒక చుక్క పెట్టి పంపుతారు. ఇంటిపేరు ముందుండే జాతికి ఆ గడులు ఎందుకు? "పూర్తి పేరు" అని ఒక్కటే చాలు.

రసీదులు, ప్రశంసాపత్రాలు పీడీఎఫ్‌గా ఇచ్చేటప్పుడు ఎక్కువ సైట్లు బోల్తా పడతాయి. జావాస్క్రిప్ట్ పీడీఎఫ్ లైబ్రరీల్లో చాలావాటికి అక్షరాలు కలపడం రాదు. పద్యాల పోటీలో మొదటి బహుమతి వచ్చిన పాప పేరు వత్తులు ఊడిపోయి అచ్చవుతుంది. హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ తయారుచేసి తెరలేకుండా నడిచే క్రోమియం బ్రౌజర్‌తో పీడీఎఫ్‌గా తీయండి. అది నడిచే సన్నపాటి డాకర్ ఇమేజ్‌లో (సర్వర్ మీద నడిపే సిద్ధ సాఫ్ట్‌వేర్ పెట్టెలో) తెలుగు ఫాంటు ఉండదు, నోటో మీరే వేయకపోతే పేరుకు బదులు డబ్బాలు వస్తాయి.

వేళల విషయం ఒకటి మిగిలింది. బిల్డ్ సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. తెల్లవారుజాము 5 గంటల నగర సంకీర్తన సైట్లో ముందురోజు తేదీకి జారిపోతుంది, ఎందుకంటే మన 5 గంటలంటే అక్కడ ముందురాత్రి 11:30. తేదీ చూపించే ప్రతిచోటా ఏషియా కోల్‌కతా అని స్పష్టంగా రాయాలి.

పాఠం మొత్తం కోడు బయట, భాషకొక జేసన్ (సాదా డేటా) ఫైల్లో ఉంచండి. తెలుగు, ఇంగ్లిష్ ఫైళ్ళతో పాటు కన్నడ ఫైలు కూడా మొదటి రోజు నుంచే ఉండాలి. ఉన్న ఊరు బెంగళూరు. మన కార్యక్రమాలకు వచ్చే ఇరుగుపొరుగుకు వాళ్ళ భాషలో ఆహ్వానం ఉండటం మర్యాద. పైన చెప్పిన ఇబ్బందులు చాలావరకు కన్నడ లిపికీ ఉన్నాయి, ఒకసారి సరిచేస్తే రెండింటికీ పనికొస్తుంది.

కోడు ఎక్కినప్పుడల్లా పరీక్షలు, బిల్డ్ తనంతట తానే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ ఫైలు చిన్నదిగా ఉండాలి: కోడు తెచ్చుకో, నోడ్ పెట్టుకో, ఎన్‌పీఎమ్ సీఐ, లింట్, బిల్డ్. పబ్లిక్ రెపోలకు మామూలు రన్నర్లు (ఆ పనులు నడిపే యంత్రాలు) ఉచితం. పైన అనుమతులు "కంటెంట్స్ చదవడం మాత్రమే" అని రాయండి. ఇతరులు రాసిన యాక్షన్లను (సిద్ధంగా దొరికే పనిముక్కలను) వెర్షన్ ట్యాగుతో పిలవకండి, 40 గుర్తుల పూర్తి కమిట్ సంఖ్యతో పిలవండి. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వారి చేంజ్డ్ ఫైల్స్ అనే యాక్షన్‌లోకి చొరబడినవాళ్ళు పాత ట్యాగులను తమ చెడ్డ కమిట్ వైపు తిప్పారు, వాడుతున్న రెపోల సీక్రెట్లు బిల్డ్ లాగుల్లో పడ్డాయి. కమిట్ సంఖ్య రాసుకున్నవారికి ఆ తిప్పుడు తగల్లేదు. "పుల్ రిక్వెస్ట్ టార్గెట్" అనే ట్రిగ్గర్ టెంప్లేట్‌లో ఉండనే కూడదు. ఎవరో తెలియని మనిషి పంపిన కోడును మన సీక్రెట్లు పక్కన పెట్టి నడిపే దారి అది.

సైటును గిట్‌హబ్ పేజెస్ (గిట్‌హబ్ వారి హోస్టింగ్) మీద పెట్టేవాళ్ళకు రెండు మాటలు. సైటు చిరునామా చివర రెపో పేరు ఉంటుంది కాబట్టి వీట్ బేస్ అమరికలో ఆ పేరు రాయకపోతే తెల్ల పేజీ వస్తుంది, కన్సోల్ నిండా 404లు. సొంత డొమైన్ పెట్టాక ఆ బేస్‌ను మళ్ళీ ఒట్టి స్లాష్‌కు మార్చాలి. రెండోది పండగ సంఘాలకు ప్రత్యేకంగా తగిలేది: పబ్లిక్ రెపోలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే గడియారం మీద నడిచే పనులను గిట్‌హబ్ ఆపేస్తుంది. ఉగాదికీ దసరాకీ మధ్య ఆరు నెలలు. "రోజూ రాత్రి పంచాంగం మారుతుంది" అని నమ్మకం పెట్టుకుంటే ఎండాకాలం మధ్యలోనే అది నిలిచిపోతుంది. 100 ఎంబీ దాటిన ఫైలును గిట్‌హబ్ తీసుకోదు. తీసుకునేంత చిన్నవైనా సరే, వీడియోలు, ఫొటోలు గిట్‌లో వేయకండి. తర్వాత తీసేసినా క్లోన్ బరువు తగ్గదు, కొత్తవాళ్ళ అరగంట డౌన్‌లోడ్‌కే సరిపోతుంది.

సభ్యుల వివరాలు రెపోలో ఏ రూపంలోనూ వద్దు, పరీక్ష డేటాగా కూడా. "అఆఇఈ", "పరీక్ష సభ్యుడు 1" లాంటి కల్పిత పేర్లు ఒక ఫైల్లో ఇచ్చేయండి, అసలు షీటు తెరిచే అవసరం ఎవరికీ రాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలకు తల్లిదండ్రుల అంగీకారం కావాలంటుంది. పిల్లల పోటీల నమోదు ఫారంలో ఆ టిక్కు గడి, తల్లిదండ్రుల పేరు, ఎన్నాళ్ళు ఉంచుకుంటారో ఒక వాక్యం టెంప్లేట్‌లోనే ఉండాలి. పిల్లల పుట్టినతేదీ అడగకండి, పోటీకి వయసు విభాగం చాలు.

ఏం వేయకూడదో కూడా చెప్పాలి. తోడు ఎక్కువైతే పెరుగు పులుస్తుంది. లాగిన్ పద్ధతి, డేటాబేస్, డాకర్ అమరిక, నాలుగు రకాల స్టేట్ లైబ్రరీలు టెంప్లేట్‌లో కుక్కితే సగం సంఘాలకు అక్కర్లేనివి అందరూ మోయాలి, ప్రతి డిపెండెన్సీకీ (తెచ్చిపెట్టుకున్న బయటి కోడుకు) భద్రతా హెచ్చరికలు వస్తూనే ఉంటాయి. వీట్ మీద సాదా పేజీలు, కార్యక్రమాల వివరాలు ఒక జేసన్‌లో, అంతే. పేజీలు కట్టే లైబ్రరీ రియాక్ట్ కావాలనుకున్నవారు కలుపుకుంటారు. ఫ్రేమ్‌వర్క్ మీద కట్టే టెంప్లేట్‌కు ఆయుష్షు తక్కువ. ఏళ్ళ తరబడి అందరూ మొదలుపెట్టిన క్రియేట్ రియాక్ట్ యాప్‌ను 2025 ఫిబ్రవరిలో దాని తయారీదారులే కొత్త యాప్‌లకు వద్దన్నారు.

టెంప్లేట్‌కు ఒక బలహీనత ఉంది. అందులో తర్వాత చేసిన మార్పు, అప్పటికే పుట్టిన సైట్లకు తనంతట తాను చేరదు. అందుకే ప్రతి విడుదలకూ వెర్షన్ ట్యాగు, "ఏం మారింది, పాత సైట్లో ఏ ఫైలు మార్చుకోవాలి" అని చేంజ్‌లాగ్ కావాలి. ఏ వెర్షన్ నుంచి పుట్టిందో ప్రతి సైటూ ఒక ఫైల్లో రాసుకోవాలి. కాంట్రిబ్యూటింగ్, ప్రవర్తనా నియమావళి, సెక్యూరిటీ, ఇష్యూ నమూనాలను ఆర్గనైజేషన్ ఖాతాలో డాట్ గిట్‌హబ్ అనే పేరున్న పబ్లిక్ రెపోలో ఒక్కచోట పెడితే, సొంతవి లేని రెపోలన్నిటికీ అవే వర్తిస్తాయి. లైసెన్స్‌కు ఆ సౌకర్యం లేదు, ఎవరి రెపోలో వారు పెట్టుకోవాలి. ప్రవర్తనా నియమావళిలో ఫిర్యాదు ఎవరికి చేయాలో నిజంగా చూసే మెయిల్ ఒకటి ఉండాలి. అధ్యక్షుల వారి మెయిల్ కాకుండా, దయచేసి.

ఇష్యూలు తెలుగులో రాయొచ్చని కాంట్రిబ్యూటింగ్ ఫైల్లో స్పష్టంగా చెప్పండి. కోడు రాకపోయినా అచ్చుతప్పులు పట్టగల పెద్దలు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. ఇష్యూ నమూనాలో మూడు ప్రశ్నలు చాలు: ఏ పేజీ, ఏం కనిపించింది, ఏం కనిపించాలి. ఫోన్ తెర ఫొటో ఒకటి అడగండి.

మేము కోరేది ఇది. ప్రతి సంఘం కార్యవర్గం ఒక్కొక్కరి పేరు ఇవ్వాలి, వారికి కోడు రావాలన్న నియమం లేదు. సంఘాలన్నిటి తరఫునా ఒక ఆర్గనైజేషన్ ఖాతా తెరిచి, వేర్వేరు సంఘాల నుంచి ముగ్గురిని ఓనర్లుగా పెట్టాలి. మొదటి శనివారం లైసెన్స్, ఖాతా, డొమైన్ల సంగతి. రెండో శనివారం తెలుగు భాగం, యాక్షన్స్ ఫైలు. మూడో శనివారం ఆ అరువు లాప్‌టాప్ పరీక్ష. ఉగాదికి నాలుగు వారాల ముందు మూడూ అయిపోతే, ఈసారి ఒక సంఘం తన సైటును దాని మీద కట్టి చూడొచ్చు. మొదటిది ఎవరు కడతారో మీ తర్వాతి కార్యవర్గ సమావేశపు అజెండాలో చేర్చి, తీర్మానం మినిట్స్‌లో రాయించండి.

ఇట్లు,
బెంగళూరు తెలుగు సైట్ల కోడు చూసిపెట్టే వాలంటీర్లం